మేకు వైపు చూసే చక్రం

దయ్యం అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా వచ్చేది కాదు. రోజూ సాయంత్రం ప్రార్థన చేసుకునే ఇల్లు మాది. అలాంటి వాటికి ఇక్కడ చోటు లేదని నాన్న నమ్మకం. నేను ఆయనకన్నా ఒక అడుగు ముందే ఉండేదాన్ని. దయ్యాలనే కాదు, మనుషుల్ని కూడా అంత తొందరగా నమ్మే రకం కాదు నేను.

బందరులో ఒక ఆడపిల్లల బడిలో లెక్కల టీచరుగా పనిచేసేదాన్ని. పిల్ల జవాబు సరిగ్గా రాస్తే సంతోషపడే ముందు పక్కపిల్ల కాగితం చూసేదాన్ని. పాలవాడు పాలు కొలుస్తుంటే కొలత చూస్తూ పక్కనే నిలబడేదాన్ని. "నువ్వు పోలీసు ఉద్యోగంలో చేరాల్సింది" అని మా ఆయన వేళాకోళం చేసేవారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు రాయబోయేది భయంలోనో భక్తిలోనో చూసింది కాదు. దొంగని పట్టుకుందామని కాచుకుని మరీ చూసింది.

మా నాన్న దివిసీమ మనిషి. అవనిగడ్డ దగ్గర పల్లెటూరి నుంచి కుర్రతనంలో పని వెతుక్కుంటూ వచ్చి, గుడ్లవల్లేరు దాటాక కాలవ గట్టున ఉన్న ఒక రైసు మిల్లులో చేరారు. మొదట బాయిలరు పొయ్యిలోకి ఊక ఎగదోసే పని. తరవాత అదే మిల్లుకి ఇంజను డ్రైవరు అయ్యారు. డ్రైవరంటే ఎక్కడికో నడిపేది కాదు. ఆ ఆవిరి ఇంజను ఇటుక దిమ్మ మీద పడుకుని, మనిషికన్నా ఎత్తైన ఇనుప చక్రాన్ని తిప్పుతూ ఉండేది. ఆ చక్రానికి వేసిన బెల్టే మిల్లు మొత్తాన్ని ఆడించేది.

ఆ చక్రం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇలాంటి ఇంజన్లలో చక్రాన్ని తిప్పే క్రాంకూ, దాన్ని తోసే కడ్డీ ఒకే గీతలోకి వచ్చి ఆగిపోతే ఆవిరి ఎంత తోసినా చక్రం తిరగదు. దాన్ని డెడ్ సెంటర్ అంటారు; చక్రం ఒక చుట్టు తిరిగేలోపు అలాంటి చోటు రెండుసార్లు వస్తుంది. సాయంత్రం ఇంజను అలా ఆగిందంటే పొద్దున్న నలుగురు మనుషులు గునపాలు వేసి చక్రాన్ని కాస్త ముందుకు తిప్పాలి. ప్రతి మిల్లులోనూ ఉన్న తంటాయే అది. నాన్న ఇంజనుకి మాత్రం ఆ తంటా లేదు. ఎప్పుడు ఆపినా చక్రం డెడ్ సెంటర్ దాటి బెత్తెడు పైకి వచ్చి నిలబడేది. పొద్దున్న ఆవిరి వదిలితే చాలు, కదిలిపోయేది. మిల్లు ఆసామి వీరయ్య గారు కొత్తగా ఎవరొచ్చినా నాన్నని చూపించి, "ఈయన చేతిలో కిటుకుందండీ, ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతాడు" అని చెప్పుకునేవారు. నాన్న తల వంచుకుని గుడ్డతో చేతులు తుడుచుకునేవారు.

చిన్నప్పుడు బడి సెలవుల్లో నేను క్యారేజీ పట్టుకుని మిల్లుకి వెళ్లి, నాన్నతోనే ఇంటికి వచ్చేదాన్ని. ఇంజను గది గోడకి నాన్న చొక్కా తగిలించుకునే మేకు ఒకటి ఉండేది. చక్రం నడిమి నుంచి అంచుకి పోయే ఆకుల్లో ఒకటి ఎప్పుడో బీటవారితే ఇనప పట్టీ వేసి అతికారు. ఇంజను ఆగాక ఆ అతుకు ఆకు సరిగ్గా మేకు వైపు చూస్తూ నిలబడేది. ఇది నాకెవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టాను. గొప్పగా నాన్నకి చెబితే ఆయన నవ్వలేదు. "ఎవరితోనూ అనకమ్మా" అన్నారు. పనివాళ్ల కిటుకులు బయటపెట్టకూడదు కాబోలు అనుకుని ఊరుకున్నాను.

అరవైల మొదట్లో మిల్లుకి కరెంటు మోటారు వచ్చింది. ఇంజను ఆగిపోయింది. బాయిలరు ఎవరో కొనుక్కుపోయారు. నాన్నకి ఆ ఏడే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. అమ్మ అప్పటికే లేదు. ఆయన్ని బందరు తీసుకొచ్చి మా దగ్గరే ఉంచుకున్నాం. మాట ముద్దగా వచ్చేది. నాకూ మా ఆయనకూ తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు.

ఒకరోజు మిల్లు వాచ్‌మన్ సాంబయ్య నాన్నని చూడ్డానికి వచ్చి మాటల్లో చెప్పాడు, గుడివాడ నుంచి పాత ఇనుము వ్యాపారి వచ్చి ఇంజనుని చూసి వెళ్లాడని. సమ్మెటలతో పగలగొట్టి తీసుకుపోతారట. నాన్న గోడవైపు తిరిగి ఏడ్చారు. అమ్మ పోయినప్పుడు కూడా ఆయన అలా ఏడవలేదు. ఆ ఇంజను ముక్కలు కాకుండా చూస్తానని అప్పుడే ఆయనకి మాట ఇచ్చాను.

బందరులోనే ఒక టెక్నికల్ స్కూల్లో మూర్తి గారని లెక్చరరు ఉండేవారు. ఆయనకి పాత ఇంజన్ల పిచ్చి. కరెంటు వచ్చాక డెల్టాలో మిల్లు ఇంజన్లన్నీ తుక్కు కింద పోతున్నాయని బాధపడుతూ, సైకిలు మీద ఊళ్లు తిరిగి వాటి కొలతలూ ఫొటోలూ తీసుకునేవారు. ఆయన్ని రైల్లో గుడ్లవల్లేరు తీసుకెళ్లి, అక్కణ్ణుంచి జట్కాలో మిల్లుకి తీసుకెళ్లాను.

ఇంజనుని చూడగానే ఆయన చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లారు. అది ఎందుకో నాకు అర్థం కాలేదు. చాలాసేపు చుట్టూ తిరిగి వచ్చి, ఆవిరి లోపలికి వెళ్లడానికీ బయటికి రావడానికీ దీనికి విడివిడిగా నాలుగు కవాటాలున్నాయని, ఇలాంటి చిన్న మిల్లులో ఇంత ఖరీదైన రకం తను ఇంతవరకూ చూడలేదని చెప్పారు. కానీ తయారుచేసినవాళ్ల పేరుండే ఇత్తడి పలక లేదు. అది ఉండాల్సిన చోట స్క్రూల బొక్కలు మాత్రం ఉన్నాయి. పలక ఎవరు పీకారని నేను సాంబయ్యని నిలదీశాను. తను వచ్చేసరికే లేదన్నాడు. నేను నమ్మలేదు.

పేరు తెలియకపోయినా ఫరవాలేదన్నారు మూర్తి గారు. ఇలాంటివి తయారుచేసేవాళ్లు ప్రతి భాగం మీదా ఒకే నంబరు కొడతారట. అన్నింటి మీదా అదే నంబరుంటే ఇది అతుకుల బొంత కాదని, అసలైన ఇంజనే అని రుజువవుతుంది. అప్పుడు వాళ్ల స్కూలు కమిటీ ఒప్పుకుని షెడ్డు వేసి దాచి ఉంచుతుంది. ఒక్క భాగం తేడాగా ఉన్నా ఒప్పుకోదు. వీరయ్య గారు ఇంజను ఇస్తానన్నారు గానీ ఒక మెలిక పెట్టారు. వేసవిలో కాలవలకి నీళ్లు కట్టేసేలోపు పడవ మీద తీసుకుపోవాలి. ఆలస్యమైతే గుడివాడ వ్యాపారికి కబురు పెడతారు.

అన్ని నంబర్లూ దొరికాయి, ఒక్కటి తప్ప. క్రాంకు మీది నంబరు కనబడాలంటే దాన్ని అవతలి డెడ్ సెంటర్‌కి తీసుకురావాలి. మిల్లు హమాలీలు నలుగురు గునపాలు వేసి, గసపెడుతూ, మధ్యలో రెండుసార్లు కూర్చుని లేచి మరీ తిప్పారు. అక్కడ తుప్పు గట్టిగా పట్టి ఉంది. కిరసనాయిలు పోసి నానబెట్టి వచ్చే శనివారం గీకుదామన్నారు మూర్తి గారు. చక్రం కింద చెక్క మొద్దు దిగ్గొట్టి వచ్చేశాం.

మళ్లీ శనివారం వెళ్లి తలుపు తీస్తే అతుకు ఆకు మేకు వైపు చూస్తోంది.

మొద్దు పెట్టినచోటే ఉంది. మూర్తి గారికి మేకు సంగతి తెలియదు కాబట్టి ఎవరో తిప్పారనుకుని విసుక్కున్నారు. నేను సాంబయ్యని పిలిచాను.

"ఎవరు తిప్పారు సాంబయ్యా?"

"దాన్నెవరు తిప్పుతారమ్మా? నలుగురు పడితే గానీ కదల్లేదు కదా మొన్న. నేనొక్కణ్ణి, పైగా నడుం పట్టేసినోణ్ణి."

"గుడివాడ ఆయన మనుషులు వచ్చారా?"

"వస్తే చెప్పనా అండీ? నాన్నగారి ఉప్పు తిన్నోణ్ణి నేను."

ఆ మాటతో నా అనుమానం ఇంకా పెరిగింది. అడగకుండానే ఉప్పు సంగతి ఎత్తేవాళ్లని నేను అసలు నమ్మను. నాకు తోచిన లెక్క ఇది. నంబరు చదివితే ఇంజను మాకు వస్తుంది, చదవకపోతే తుక్కుకి పోతుంది. కాబట్టి చదవనివ్వకూడదని ఎవరికో ఉంది. సాంబయ్య కావచ్చు, వీరయ్య గారే కావచ్చు. నాన్నకి నేను మాట ఇచ్చేశాను. నా కళ్లముందు ఎవరో ఆ మాట తప్పించేలా చేస్తున్నారని ఒళ్లు మండిపోయింది.

హమాలీల్ని పిలిచి మళ్లీ తిప్పించాం. చక్రం తిరగడంతో పోసిన కిరసనాయిలు కారిపోయి తుప్పు నానలేదు, మళ్లీ పోసి వారం ఆగాల్సి వచ్చింది. చక్రంలో ఒకవైపు బరువెక్కువైతే దానంతటదే దిగే అవకాశం ఉందని మూర్తి గారికి తోచింది. చక్రానికి ఒకవైపు బియ్యం బస్తా కట్టి చూశారు, రెండోవైపు కట్టి చూశారు. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఎన్నాళ్లుగానో ఆగి ఉన్న ఇంజను, లోపల బిగుసుకుపోయి ఉంది. ఈసారి తలుపుకి, ఎక్కడికెళ్లినా సంచీలో వెంట ఉంచుకునే నా తాళంకప్ప వేశాను. తాళంచెవి నా మెడలో గొలుసుకే కట్టుకున్నాను.

ఆ వారం ఇంట్లో ఒక సంగతి గమనించాను. సాయంత్రం మిల్లు కట్టేసే వేళకి నాన్న పడిపోయిన కుడిచేతి వేళ్లు మెల్లగా ముడుచుకునేవి, ఏదో పట్టుకుని తిప్పుతున్నట్టు. ఇంజనుకి ఆవిరి కట్టేసేటప్పుడు ఆయన చెయ్యి అలాగే తిరిగేది. డాక్టరుగారు నరాల లక్షణమన్నారు. మా ఆయన కూడా అదే అన్నారు. నేను పైకి అవునన్నాను గానీ నా మనసులో ఒక ఆలోచన పుట్టింది. అది ఎవరికీ చెప్పుకోలేదు. నాకు నేనే సిగ్గుపడ్డాను.

శనివారం వెళితే తాళం వేసినట్టే ఉంది. తలుపు తీశాను. ఆకు మేకు వైపు చూస్తోంది.

ఆ రోజు నేను అనుమానించని మనిషి లేడు. కిటికీ ఊచలు ఒక్కొక్కటీ లాగి చూశాను. కప్పు మీద పెంకు కదిలిందేమోనని సాంబయ్యని నిచ్చెనెక్కించాను. ఇంత వింత జరుగుతుంటే మూర్తి గారు నోట్లో పెన్సిలు పెట్టుకుని హాయిగా కొలతలు తీసుకుంటున్నారు, ఈయనే ఆటపట్టిస్తున్నారా అని ఆయన వంక కూడా గుర్రుగా చూశాను. తాళం కొనుక్కొచ్చిన మా ఆయన దగ్గర రెండో తాళంచెవి ఉందేమోనని కూడా అనుకున్నాను. సాంబయ్య నిచ్చెన దిగి, "తాళం మీ మెళ్లోనే ఉంది కదమ్మా, ఇంక నన్నేం అడుగుతారు" అన్నాడు.

మళ్లీ తిప్పించాం, మళ్లీ కిరసనాయిలు పోశాం, మళ్లీ మొద్దు దిగ్గొట్టాం. ఈసారి నేను మిల్లు వెనక కుప్పలోంచి ఊక బూడిద తట్టలతో తెప్పించాను. జల్లెడ పట్టి, ఇంజను చుట్టూ గది నేలంతా పలచగా చల్లుకుంటూ వెనక్కి నడిచి గుమ్మం దాకా వచ్చాను. మొద్దు మీద కూడా చల్లాను. పిల్లి నడిచినా అడుగు పడుతుంది. తాళం వేశాను. మూర్తి గారు నవ్వారు. "అమ్మా, మీ క్లాసులో కాపీ కొట్టడం ఎవరి తరమూ కాదు" అన్నారు.

తరవాతి శనివారానికి కాలవ కట్టేసే కబురు ఊళ్లోకి వచ్చేసింది. పడవ సరంగు కూడా తొందరపెడుతున్నాడు. తలుపు తీసి, లోపలికి అడుగు పెట్టకుండా గుమ్మంలోంచే చూశాం. బూడిద నేను చల్లినట్టే ఉంది. ఒక మూల బల్లి వెళ్లిన సన్నటి చార ఉంది. అది తప్ప ఇంకే మచ్చా లేదు. మొద్దు ఉన్నచోటే ఉంది, దాని మీద బూడిద కూడా చెక్కుచెదరలేదు. చక్రం మాత్రం తిరిగి ఉంది. అతుకు ఆకు మేకు వైపు చూస్తోంది.

మూర్తి గారు ఈసారి నవ్వలేదు. అప్పుడు ఆయనకి మేకు సంగతి చెప్పాను. ఆయన మేకునీ ఆకునీ మార్చి మార్చి చూసి, "ఇవాళ నంబరు చదవకుండా ఈ గది వదలొద్దమ్మా" అన్నారు. హమాలీలు తిప్పారు. ఆయన కింద పడుకుని ఉప్పుకాగితంతో రుద్దుతూనే ఉన్నారు. నేను పక్కనే నిలబడి చక్రం మీద నుంచి చూపు తిప్పలేదు. అది కదల్లేదు. మధ్యాహ్నానికి అంకెలు బయటపడ్డాయి. మిగతా వాటి మీద ఉన్న నంబరే. నాకు తెలియకుండానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కమిటీ ఒప్పుకుంది. ఇంజనుని భాగాలుగా విప్పి పడవకెక్కించారు. నీళ్లు తగ్గుతున్న కాలవలో పడవ బందరు చేరేసరికి అడుగు నేలకి రాసుకుంటోందని సరంగు గొణిగాడు. తరవాత మూర్తి గారు షెడ్డులో దాన్ని మళ్లీ బిగించారు. ఫొటోలో నిండుగా కనబడుతుందని చక్రాన్ని డెడ్ సెంటర్‌లోనే పెట్టారు.

నాన్నని రిక్షాలో తీసుకెళ్లాం. షెడ్డులో ఒక పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఆయన ఎడమచేత్తో సిలిండరుని తడిమి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు. ఆ సంతోషంలో నేను ఇన్నాళ్లూ దాచుకున్న మాట అనేశాను. మిల్లులో జరిగిందంతా చెప్పి, "అది మీరే కదా నాన్నా? మీ మనసు అక్కడే ఉంది. డెడ్ సెంటర్‌లో వదిలేస్తే మీరు ఊరుకోలేకపోయారు" అన్నాను. ప్రార్థన తప్ప ఇంకేదీ నమ్మని మనిషితో, ఏదీ నమ్మని నేను అన్న మాట అది.

నాన్న తల అడ్డంగా ఊపారు.

"నేను కాదమ్మా."

ముద్దగా, ఆగి ఆగి చెప్పారు. నేను వంగి చెవి పెట్టి విన్నాను.

"నేనెప్పుడూ ఆపలేదు. ఆవిరి కట్టేసి చేతులు కడుక్కోడానికి వెళ్లేవాణ్ణి. వచ్చేసరికి అదే అక్కడ నిలబడి ఉండేది. నాకూ అనుమానమే. రోజూ అక్కడికే వస్తోందా అని చూడ్డానికి గోడకి ఆ మేకు కొట్టాను."

చొక్కా కోసం కొట్టిన మేకు కాదన్నమాట అది. నాలాగే ఆయన కూడా పట్టుకుందామని చూశారు.

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"చెబితే ఎవరు నమ్ముతారు? పైగా నాకు పేరొచ్చింది కదమ్మా. అది చేసే పనికి నేను పేరు తెచ్చుకున్నాను. అలాంటిదాన్ని సమ్మెటలతో పగలగొడతారంటే..." అని ఆగిపోయారు.

ఆయన ఆ రోజు ఎందుకు అంతలా ఏడ్చారో నాకు అప్పుడు అర్థమైంది. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. వెళ్లేముందు ఆయన చక్రం వైపు చూపించి ఏదో అన్నారు. హమాలీల్ని పిలిపించి డెడ్ సెంటర్ దాటించి బెత్తెడు పైకి పెట్టమన్నారు. పెట్టించాం.

పక్షవాతం వచ్చిన మనిషి మాట పూర్తిగా నమ్మాలా అని కూడా ఆలోచించాను, దాచుకోవడం ఎందుకు. ఇంజను నడిచే రోజుల్లో చక్రం ఏదో బరువు వల్ల ఒకే చోట ఆగి ఉండొచ్చు, అది నేను ఒప్పుకుంటాను. బిగుసుకుపోయిన చక్రం, మొద్దు కదలకుండా, బూడిద చెదరకుండా ఎలా తిరిగిందో మాత్రం అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఆ వానాకాలంలోనే నాన్న పోయారు.

షెడ్డులో పిల్లలు చక్రంతో ఆడుకుంటారేమోనని మూర్తి గారు దాని ఆకుల మధ్య నుంచి గొలుసు వేసి, రెండు కొసలూ గోడకున్న కొక్కేనికి తగిలించారు. వదులుగానే వేశారు. నాన్న పోయిన తరవాతి దసరాకి స్కూలు వాళ్లు ఇంజనుకి పూజ చేస్తున్నారంటే, పూజ మాది కాకపోయినా చూడ్డానికి వెళ్లాను. గొలుసు ఒకవైపు లాగి పట్టినట్టు బిగిసి ఉంది. వదులు చేసి మళ్లీ వేసినా అలాగే బిగుస్తోందని, నేల ఏటవాలుగా ఉందేమోనని మూర్తి గారు అన్నారు. ఆయన నా మొహం చూడకుండా అన్నారు.

షెడ్డు గోడకి మేకు లేదు. అతుకు ఆకు ఎటు వైపు వెళ్లాలని లాగుతోందో చూశాను. ఆ పక్కన ఖాళీ నేల తప్ప ఏమీ లేదు. నాన్నకి ఆ రోజు కుర్చీ వేసింది అక్కడే.

తరవాత కూడా చాలాసార్లు వెళ్లి చూశాను. తాళం నా దగ్గర లేదు, బూడిద చల్లలేదు. సాంబయ్య ఎక్కడో గుడ్లవల్లేరులో ఉన్నాడు, గుడివాడ వ్యాపారి ఆ ఊసే మర్చిపోయి ఉంటాడు, నాన్న లేరు. అనుమానించడానికి ఇంక నాకు మనిషి మిగల్లేదు.